చిక్కటి నూనె

ముప్పై ఏండ్ల సంది ఒక మాట దాచుకుంట వస్తున్న. మా ఆమెకు చెప్పాల్సిన మాట. ఆమెకు చెప్పే ధైర్యం లేక ముందుగాల గీ కాయితం మీద రాస్తున్న.

నాది కొత్తకోటల బండ్ల మెకానిక్ పని. షాకబ్జర్లు బాగు చేసుడుల నా చెయ్యి మంచిదని పేరు. బండి గుంతల పడ్డప్పుడు దెబ్బను స్ప్రింగు తీసుకుంటది. ఇగ అది ఊగుకుంటనే ఉండకుండ, సన్న సందులకెల్లి మెల్లగ పారుకుంట లోపటి నూనె ఆపుతది. నూనె పల్చగుంటె బండి ఎగురుతనే ఉంటది. మరీ చిక్కగైతె షాకబ్జర్ బిగుసుకపోయి ప్రతి రాయి నడుముకు తగులుతది. రెండింటి నడుమ ఏది సరైందో రాడ్ ఒక్కసారి నొక్కి గుంజితె నా చేతికి తెలిసేది.

మా ఆమె రూతమ్మ పది పాసైంది. నేను నాలుగుతోనే బంద్ వెట్టిన. తొంభైలల్ల ఆమెకు పక్కూరి బడిల పంతులమ్మ కొలువు దొరికింది. బస్సు లేదు, కంకర తొవ్వ. రోజూ నా మోటర్‌సైకిల్ మీద నేనే దింపేది. మొదట్ల సంబురమే. రాను రాను ఇంట్ల అన్నీ బడి ముచ్చట్లే అయినయి. వినుకుంట వినుకుంట నేను చిన్నగైపోయిన. అసూయనా? ఆమె నన్ను దాటిపోతదన్న భయమా? ఇప్పటికీ తెల్వదు.

ఒక ఆదివారం ఆమె చర్చికి పోయింది. నేను ఆమె కూసునే దిక్కున్న వెనక షాకబ్జర్లు రెండూ విప్పి, గేర్లల్ల పోసే చిక్కటి నూనె పోసిన.

రెండు నెలలల్ల ఆమె కూసుంటె లేవలేకపోయింది. దవాఖానల బండెక్కద్దన్నరు. కొలువు ఇడిసిపెట్టింది. ఆమె నడుముకు నేనే కాపడం వెట్టిన. ఆ ప్రేమ అబద్ధం గాదు. అదే నన్ను ఎక్కువ కాలుస్తది.

తర్వాత నూనె మార్చిన. కొన్ని నెలలకు అదే తొవ్వల పెండ్లికి పోతుంటె ఆమె నా భుజం మీద చెయ్యేసింది.

"ఇయ్యాల నడుము గుంజుతలేదు. బాగైనట్టున్నది."

"మంచిదే గద," అన్న.

"బడిల ఇంకో ఆమెను వెట్టుకున్నరు. ఏం జేస్తం, నా పానమే మంచిగ లేకపాయె. నువ్వయితె రోజూ దింపినవ్, పాపం."

అక్కడ్నే బండి ఆపి చెప్పాల్సింది. ఆపలె. ఆమె చెయ్యి నా భుజం మీద ఉన్నంత సేపు మెల్లగ నడిపిన.

ఇప్పటికీ ఎవరన్న అడిగితె, నడుము మంచిగ లేక బడి ఇడిసిన అంటది. పక్కన నేను తల ఊపుత.

నీ నడుము మంచిగనే ఉండె, రూతమ్మా. నీ కొలువు పోగొట్టింది నేను.

మాఫ్ జెయ్యమని అడుగుతలేను. గీ రెండు మాటలు రాసేటందుకు ఇన్నేండ్లు పట్టింది. ఇప్పుడు పానం జర అల్కగైంది.