గాజులు ఆగిన ఎత్తు

మంగతాయారు ఆంటీ గీసిన డ్రాయింగ్ మీద నా పేరు వేశారు. వేయమన్నది మా మేనేజరు సుధాకరరావు. టైపు చేసింది నేనే. అది 1999 ఆగస్టు.

"కింద మూల గడిలో నవనీత్, ఇంజనీర్ అని కొట్టవయ్యా. జపాన్ వాళ్ళు డిగ్రీ చూస్తారు. ఆవిడది పాలిటెక్నిక్ డిప్లొమా, అదీ ఏనాటిదో," అన్నాడాయన.

నా డిగ్రీ సంగతి నాకు తెలుసు. రైళ్ళ గురించి నాకొచ్చిన నాలుగు ముక్కలూ లైబ్రరీ పుస్తకాల్లోంచి వచ్చినవే. అయినా కొట్టాను. నా వీసా ఆయన సంతకం మీద ఉంది.

మా ఆఫీసు సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఉండేది. జపాన్‌లో రైలు పెట్టెలు చేసే ఒక కంపెనీ కోసం పెట్టె లోపలి భాగాలు, అంటే సీట్లు, స్తంభాలు, సామాన్ల అరలు, నిలబడ్డవాళ్ళు పట్టుకోడానికి పైనుంచి వేలాడే చేతిపట్టీలు, కంప్యూటర్లో గీసి పంపేవాళ్ళం. కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాణ్ణీ హైదరాబాద్ నుంచి విమానమెక్కించి తెస్తున్న రోజులవి. ఆంటీ అలా రాలేదు. రాజమండ్రి మనిషి, భర్త బూన్ లే దగ్గర ఫ్యాక్టరీలో ఫిట్టరు. పన్నెండేళ్ళుగా బల్ల మీద కాగితం పరిచి గీస్తోంది. మేం వచ్చాక ఆ బల్ల తీసేసి, ప్రింటర్ పక్కన ఆవిడకో చిన్న టేబుల్ వేశారు. ఆవిడ పెన్సిల్‌తో గీసింది మేం తెర మీదికి ఎక్కించేవాళ్ళం.

జపాన్ లోకల్ రైల్లో గోడ వెంబడి ఉండే పొడుగు సీటు ఏడుగురికి. ఆరుగురే పరుచుకుని కూర్చోకుండా మధ్యలో రెండు స్తంభాలు పెడతారు, ఇద్దరు, ముగ్గురు, ఇద్దరు అయ్యేట్టు. ఈ సంగతి పుస్తకంలో చదివి ఆంటీకి చెబితే నవ్వింది.

"మనోళ్ళయితే ఆ స్తంభానికి తువ్వాలు కట్టేస్తారు. ఇక్కడోళ్ళు టిష్యూ ప్యాకెట్టెట్టి సీటు నాదేనని చోప్ చేసేస్తారు. ఆళ్ళకి స్తంభం చాల్తుందేంట్రా?"

ఆవిడ ధ్యాస చేతిపట్టీల మీద. కంపెనీ పంపిన కొలతల్లో అన్నీ ఒకే ఎత్తున, నేల నుంచి నూట అరవై మూడు సెంటీమీటర్లలో ఉన్నాయి. తలుపుల దగ్గరవి ఆంటీ పది సెంటీమీటర్లు కిందికి దించింది. ఆ పది ఊహించి రాసింది కాదని తర్వాత తెలిసింది. రోజూ పొద్దున ట్రైన్లో నిలబడి ఆడవాళ్ళ చేతులు చూసేది. చెయ్యి బాగా పైకి చాచాల్సి వస్తే గాజులు మోచేతి దాకా జారిపోతాయి. చెయ్యి సుఖంగా వంగి ఉంటే మణికట్టుకి బెత్తెడు దూరంలో ఆగిపోతాయి. ఎవరి గాజులు ఎక్కడ ఆగాయో చూసి, అక్కడి ఎత్తు టేపుతో కొలిచి చిన్న పుస్తకంలో రాసుకునేది. చైనా ముసలమ్మల పచ్చరాయి గాజులు కూడా లెక్కలో ఉన్నాయి.

అక్టోబరులో జపాన్ నుంచి మొరిత అనే పెద్ద డిజైనర్ వచ్చాడు. ఇనుము కోసే ముందు పెట్టె లోపలిదంతా అసలు కొలతల్లో ప్లైవుడ్‌తో కట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి, నిలబెట్టి చూడడం వాళ్ళ పద్ధతి. ప్రతి కొలతకీ ఎందుకని అడుగుతారు. కారణం చెప్పలేని కొలత ఉండదు, కొట్టేస్తారు. జురాంగ్‌లో ఒక షెడ్డులో కట్టాం. పొట్టివాళ్ళు కావాలన్నారని సుధాకరరావు ఆంటీని తీసుకొచ్చి తలుపు దగ్గర నిలబెట్టాడు. ప్రయాణికురాలిగా.

మొరిత పట్టీని వేలితో తాకి, డ్రాయింగ్ మూల చూసి, నన్ను ఇంగ్లీషులో అడిగాడు, "ఇక్కడ నూట యాభై మూడు ఎందుకు?"

నాకు సంఖ్యే తెలుసు. గాజుల సంగతి అప్పటికి ఆవిడ నాకు చెప్పలేదు. ఆవిణ్ణి అడగండి అనొచ్చు. సుధాకరరావు నా వైపే చూస్తున్నాడు. నేను నేల చూశాను.

మొరిత ఎర్ర పెన్సిల్ తీశాడు. గీత పెట్టబోతుండగా ఆంటీ "సార్!" అంది. కింది పట్టీ పట్టుకుని చెయ్యెత్తి చూపించింది. గాజులు మణికట్టుకి బెత్తెడు దూరంలో ఆగాయి. తర్వాత లోపలున్న ఎత్తు పట్టీ దగ్గరికి నడిచి, చెయ్యి బాగా పైకి చాచి అందుకుంది. ఆరు గాజులూ గలగలమంటూ మోచేతి దాకా వచ్చాయి. సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది.

మొరిత పేజీలు తిప్పి, పెన్సిల్ జేబులో పెట్టుకుని, ఆవిడకి వంగి నమస్కారం చేశాడు. పట్టీలు ఉండిపోయాయి. మూల గడిలో నా పేరూ అలాగే ఉంది. అందులో ఎవరి పేరుండాలో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

2001లో ఆర్డర్లు ఆగిపోయాయి. ముందు ఆవిణ్ణి తీసేశారు, ఆర్నెల్లకి నన్ను. నేను ఊరు వదిలి వెళ్ళిపోయే వారంలో ఆవిడ బూన్ లే స్టేషన్లో కనబడింది, చేతిలో కూరగాయల సంచి.

"ఆంటీ, ఆ గడిలో పేరు..." అన్నాను.

"ఉందిగా, ఉండనీ," అంది. "రేపెప్పుడో ఎవడో ఆ కాయితం తీసి, ఎందుకింత కిందకెట్టారని నీకు ఫోన్ చేస్తాడు. నాకు చెయ్యడుగా. గాజుల సంగతి చెప్పు. అప్పుడు కూడా నేల చూడకు అబ్బాయ్, కొట్టేస్తారు."