ఆళ్లగడ్డ ల్యాబ్‌లో నేను ఆపేసిన ప్రోగ్రాం

కరోనా సద్దుమణిగిన తరువాతి ఏప్రిల్‌లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ శాఖకు ఒకరోజు పని మీద పంపారు. నేను పనిచేసింది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. హోదా సిస్టమ్స్ ఇన్‌చార్జి. పేరుకు పెద్దదే గాని నా కింద ఎవరూ లేరు. రెండు ఊళ్లలోని కంప్యూటర్లూ, వాటి ముందు కూర్చుని నన్ను తిట్టుకునేవాళ్లూ నా కిందివాళ్లనుకుంటే ఉన్నట్టే. నర్సులకు పైన మేట్రన్ ఉంటుంది, టెక్నీషియన్లకు పైన ల్యాబ్ డాక్టరు ఉంటాడు. నాకు పైన నేరుగా పరిపాలనాధికారే. పని బాగా జరిగినన్నాళ్లు మా ఇద్దరికీ మాటలే ఉండేవి కావు.

ఆళ్లగడ్డ ల్యాబ్ కంప్యూటర్ మీద ఫిర్యాదు కొత్తది కాదు. పొద్దున స్విచ్ వేస్తే అది పూర్తిగా లేచేలోపు టెక్నీషియన్ బాషా టీ తాగి, గ్లాసు కడిగి, మొదటి ఇద్దరి రక్తం కూడా తీసేవాడట. అందుకే వాళ్లు దాన్ని ఆర్పడమే మానేశారు. వారాల తరబడి రాత్రీ పగలూ నడుస్తూనే ఉండేది.

ఈ నిదానానికి ఎక్కువసార్లు కారణం ఒకటే. మనం ఎక్కించే ప్రతి సాఫ్ట్‌వేరూ, కంప్యూటర్ లేవగానే తనూ లేవాలని ఒక జాబితాలో పేరు రాయించుకుంటుంది. మనకు కనిపించకుండా వెనకాల నడుస్తూ మెమరీని తింటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే స్టార్టప్ అనే పేజీలో ఆ జాబితా ఉంటుంది. అక్కర్లేనిదాన్ని ఎంచుకుని డిసేబుల్ అని నొక్కితే సరి. సాఫ్ట్‌వేర్ చెరిగిపోదు, పిలవకుండా రావడం మానుతుంది.

ఆ సోమవారం నేను తెరిచేసరికి అందులో ఇరవై మూడు పేర్లున్నాయి. రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కూర్చున్నాయి. ఎప్పుడో పారేసిన ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందని గుర్తుచేసే ప్రోగ్రాం ఉంది. పాటలది ఒకటి, వీడియో కాల్స్‌వి మూడు. పెళ్లి ఆల్బమ్ తయారుచేసేది కూడా ఒకటి కనబడింది. "ఇది ఎవురి పెండ్లికి బాషా?" అంటే, "మా చిన్నాయన కూతురిది మేడమ్, అయిపాయె, ఇద్దరు పిల్లోళ్లు గూడా" అన్నాడు. నేను నవ్వలేదు. నవ్వితే అలుసవుతామని ఆ రోజుల్లో నా సిద్ధాంతం.

చివర్లో మూడక్షరాలూ ఒక అంకే ఉన్న పేరొకటి కనబడింది. తయారుచేసినవాళ్ల పేరుండాల్సిన గడి ఖాళీ. ఇదేమిటని బాషాను అడిగాను.

"తెల్దు మేడమ్. రక్తం చూసే మిషన్ బిగిచ్చినప్పటి నుంచి ఉన్నట్లుంది."

"తెలీనివన్నీ పెట్టుకుంటే దాన్ని ల్యాబ్ అనరు బాషా, సంత అంటారు" అని డిసేబుల్ నొక్కాను. ఆ మిషన్ ఎవరు బిగించారో, వాళ్ల ఫోన్ నంబరేమిటో గోడకు అంటించిన కాగితంలోనే ఉంది. నేను ఫోన్ చేయలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ జాబితాలో ఒకదాన్ని డిసేబుల్ చేస్తే అది ఆ క్షణాన ఆగదు. అప్పటికే నడుస్తున్నది నడుస్తూనే ఉంటుంది, మళ్లీ కంప్యూటర్ లేచినప్పుడు మాత్రం రాదు. కాబట్టి పని ముగించాక ఒకసారి ఆర్పి, మళ్లీ వేసి, అన్నీ సక్రమంగా ఉన్నాయో లేదో చూడాలి. ఇది నాకు తెలియనిది కాదు. కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠం చెప్పేదాన్ని. ఆర్పబోతే బాషా, "వద్దు మేడమ్, శాంపిళ్లు నడుస్తాండాయి, బయట జనం కూచోనుండారు" అన్నాడు. నాకూ బస్సు టైమయింది. ఒక రిపోర్టు వార్డుకు పంపించి చూశాను, పోయింది. రిజిస్టర్‌లో 'సరిచేయబడినది' అని రాసి సంతకం పెట్టి నంద్యాల బస్సెక్కాను.

గురువారం పొద్దున పదకొండు ప్రాంతంలో ఆళ్లగడ్డలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేదాకా మోయాల్సిన యూపీఎస్ బ్యాటరీ పాతది, మోయలేదు. కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ లేచింది. పావుగంటకు బాషా నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఎంత బేగా లేసిందో! నిమిషం గూడా పట్టలే. మీ చెయ్యి బంగారం" అన్నాడు. నేను సంతోషించాను. పక్క గదిలో ఉన్న అకౌంటెంటును పిలిచి చెప్పాను కూడా.

ఆ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు మద్దిలేటి రక్తం మిషన్‌లో ఉంది.

మద్దిలేటి ట్రాక్టర్ డ్రైవరు, నలభై దాటిన మనిషి. కిడ్నీలు దెబ్బతిన్నాయి. నీరసమని భార్య పుల్లమ్మ తెచ్చి వార్డులో చేర్పించింది. కిడ్నీ రోగుల్లో రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందుకని అలాంటి ప్రమాదకరమైన ఫలితం రాగానే టెక్నీషియన్ వార్డుకు ఫోన్ చేసి చెప్పి, ఎవరితో చెప్పాడో రాసుకోవాలి. ఇది పాత నియమం. మిషన్‌ను వార్డులోని కంప్యూటర్ తెరకు కలిపాక ఆ ఫలితం వార్డులోనే ఎర్రగా మెరిసేది. దాంతో ఫోన్ చేసే అలవాటు పోయింది. వద్దని ఎవరూ చెప్పలేదు, చేయమని కూడా ఎవరూ అడగలేదు. అలా మిషన్ నుంచి వార్డుకు ఫలితాన్ని మోసే చిన్న ప్రోగ్రామే నేను ఆపేసిన ఆ మూడక్షరాలది.

ఫలితం ఏడు దాటి వచ్చింది. అయిదు దాటితేనే ఎక్కువ. బాషా చూశాడు, సరేనని నొక్కాడు, వార్డుకు పోయిందనుకుని తరువాతి శాంపిల్ తీసుకున్నాడు. వార్డు తెర మీద మాత్రం 'పరీక్ష జరుగుతోంది' అనే ఉంది. సిస్టర్ రెండుసార్లు చూసింది. కరెంటు పోయింది కదా, ఆలస్యమవుతుందిలే అనుకుంది. ఒంటిగంటన్నరకు ఆయాను ల్యాబ్‌కు పంపేసరికి మద్దిలేటి గుండె ఆగింది. డ్యూటీ డాక్టరు ముప్పావుగంట పాటు చేయాల్సిందంతా చేశాడు. లేవలేదు. ముందే తెలిసుంటే బతికేవాడా అని తరువాత ఆ డాక్టరును అడిగాను. "బతికేవాడని చెప్పలేను, బతికేవాడు కాదని కూడా చెప్పలేను. మందు వేసే అవకాశం మాత్రం ఉండేది" అన్నాడు.

మర్నాడు పరిపాలనాధికారి నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ వచ్చారు. అప్పటికే బాషాను సస్పెండ్ చేస్తూ కాగితం తయారైంది. కారణం: ఫోన్ చేయలేదు. దాని వెనకే ఉద్యోగం నుంచి తీసేసే కాగితం వస్తుందని అందరికీ తెలుసు. బాషా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"చేయలే మేడమ్, నిజమే. రెండేండ్లాయె, ఎవురూ చేసేది లేదు. పోయిందనుకుంటి" అన్నాడు. నా మీద ఒక్క మాట అనలేదు. నేను ఆపిన ఆ పేరే కారణమని అతనికి ఇంకా తెలియదు.

స్టార్టప్ పేజీ తెరిచాను. ఆ పేరు పక్కన డిసేబుల్డ్ అని ఉంది. ఒక్కసారి నొక్కితే ఎనేబుల్డ్ అవుతుంది. ఎవరు ఎప్పుడు మార్చారో ఆ పేజీ చెప్పదు. నా భుజం మీదుగా చూస్తున్న పరిపాలనాధికారికి నా మొహంలోనే అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి, "మామూలుగా పెట్టేయండి మేడమ్. తక్కింది నేను చూసుకుంటా. ఫోన్ చేయనిది అతను కదా" అన్నారు.

నేను వెంటనే కాదనలేదు. ఫోన్ చేయనిది నిజంగా అతనే కదా అని నాక్కూడా అనిపించింది. అందరితో వాదించే నేను నాతో వాదించుకుని గెలవడానికి ఎంత సేపని! మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది.

అంతలో పుల్లమ్మ వచ్చింది. కాగితాలేవో సంతకాలకని ఆమెను పిలిపించారు. ఏడవడం అయిపోయిన మొహం. ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అడిగింది: "రగతం తీసి చూసినారు గదా. చూసినాక గూడా తెల్లేదా మీకు?"

తెలిసింది. మిషన్‌కు తెలిసింది, బాషాకు తెలిసింది. తెలియాల్సిన వార్డుకు తెలియలేదు. అలా తెలియకుండా చేసింది నేను. ఆమెకు ఆ మాటే చెప్పాను. "కంప్యూటర్‌లో ఒకదాన్ని నేను ఆపేసినానమ్మా. అందుకే వార్డుకు పోలేదు." ఆమె నా వైపు తిరిగింది. "యాలమ్మా ఆపింటివి?" అంది. బేగా లేవడానికి అని ఎలా చెప్పను?

దేన్నీ ముట్టుకోకుండా ఆ పేజీ ప్రింటు తీశాను. దాని మీదనే రాశాను: ఫలానా సోమవారం ఈ ప్రోగ్రాంను ఆపింది నేను, ఇది దేనిదో విచారించలేదు, ఆపాక కంప్యూటర్‌ను ఆర్పి, మళ్లీ వేసి చూడలేదు. సంతకం పెట్టి ఇచ్చాను. "మీకేమన్నా పిచ్చా?" అన్నారు పరిపాలనాధికారి. "ఉంటే సోమవారం ఉండింది సార్" అన్నాను.

బాషా సస్పెన్షన్ హెచ్చరికతో ఆగింది. ఉద్యోగం నిలిచింది, కానీ ఆ తరువాత నాకు అతను ఎప్పుడూ తనంతట తాను ఫోన్ చేయలేదు. నాకు మెమో ఇచ్చి ఆళ్లగడ్డ బాధ్యత తీసేశారు. మరుసటి ఏడాది నేనే ముందస్తు విరమణకు రాసిచ్చాను. పుల్లమ్మకు ఆసుపత్రి ఏం చేసిందో నాకు చెప్పలేదు, అడిగినా చెప్పలేదు.

ఈ పని చేసేవాళ్లకు చెప్పదగింది ఇంతే. జాబితాలో పేరు తెలియనిది కనబడితే, అది అక్కర్లేనిదని అర్థం కాదు, మనకు తెలియదని అర్థం. ఎవరిదో కనుక్కునేదాకా ముట్టుకోకూడదు. ఆపితే, అక్కడే ఉండి ఆర్పి, మళ్లీ వేసి, దాని అవతలి కొసన ఉన్న మనిషి దగ్గరికి నడిచివెళ్లి అందిందా అని అడగాలి. ఆళ్లగడ్డలో ల్యాబ్ నుంచి వార్డుకు వరండా పొడవునా నలభై అడుగులు. సోమవారం నేను ఆ నలభై అడుగులు వేయలేదు.