తాళం వేసిన ఆదివారం

తొమ్మిదేళ్లుగా ఈ మాట మోస్తున్నాను. మీకే మొదట చెబుతున్నాను.

మా ఆయన తమిళనాడులోని గుడియాత్తంలో లుంగీలు నేస్తాడు. చుక్క ముట్టని మనిషి. అలాంటివాడు ఉన్నట్టుండి మధ్యాహ్నాలు తూలసాగాడు. నోరు తెరిస్తే సారా వాసన. తాగలేదని ఒట్టేసినా నమ్మలేదు నేను. వీధంతా చాటాను. అమ్మవారి గుడికి లాక్కెళ్లి, తాగుడు మానేవాళ్లకు కట్టే పసుపు దారం అతని చేతికి కట్టించాను. నలుగురిలో తల వంచుకుని కట్టించుకున్నాడు.

అయినా తూలుడు ఆగలేదు. ఒక ఆదివారం, మా అత్త కే.వి.కుప్పంలో కూతురింటికి వెళ్లినప్పుడు, అతనికి తెలియకుండా రెండు తలుపులకూ లోపల తాళం వేసి తాళంచెవులు కొంగున ముడేసుకున్నాను. పొద్దున గిన్నెడు సద్దన్నం తిన్నాడు. మధ్యాహ్నం కాకముందే మాట ముద్దయింది. అదే వాసన. ఇల్లంతా వెతికాను, సీసా లేదు. ఇది తాగుడు కాదు, అన్నం తిన్నాక వచ్చే ఏదో జబ్బని అప్పుడే అర్థమైంది.

అర్థమై ఏం చేశాను? సాయంత్రం అత్త వచ్చి అడిగింది.

"నిజం చెప్పమ్మా, తాగినాడా?"

"తాగినాడత్తా. పెరటి గోడ దూకి పోయినాడు. నా కండ్లతో చూసినా."

ఎందుకన్నాను? వీధిలో అన్న మాట వెనక్కి తీసుకోలేక. అంతే. పొగరు. అత్త ఆ దారం తన చేత్తోనే తెంపింది. "నువ్వు చూసినావంటే నిజమే అయ్యుంటాది, నాకే గ్యాపకం లేదు" అన్నాడాయన. ఆ తర్వాత అత్త కొడుకు చేతి నీళ్లు తాగలేదు, చనిపోయేటప్పుడు కూడా.

నిరుడు మగ్గం దగ్గర పడిపోతే వేలూరు తీసుకెళ్లాను. డాక్టరు కళ్లెదుటే అన్నం పెట్టించి, రక్తం పరీక్ష చేసి చెప్పారు: తిన్న అన్నం కడుపులోనే పులిసి సారా అవుతోందట. అరుదైన జబ్బట. "తాగకుండానే ఇలా అవుతోందని ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగారు.

లేదని తల ఊపాను. రెండోసారి.

ఇంటికొచ్చి మా ఆయన వాళ్లమ్మ ఫోటో ముందు నిలబడి, "నేను తాగలేదమ్మా" అన్నాడు. అప్పుడైనా చెప్పానా? ఇప్పుడు మందులు వేసుకుంటాడు, అన్నం తగ్గించాడు, బాగున్నాడు. తన పెండ్లామే తనను బతికించిందని అందరికీ చెప్పుకుంటాడు.

ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని ఉన్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం చదవలేడు. నేను చిత్తూరు వైపు బడిలో చదువుకున్నాను. ఏం రాస్తున్నావని అడిగాడు. నీ గురించే అన్నాను.

"మంచిగా రాయి" అని నవ్వాడు.

నువ్వు తాగలేదని రాశాను.