అందరికంటే వెనక నవ్వే మనిషి

నలభై దాటి చెంపలు నెరిసినా ఇంట్లో అతను చిన్నోడే. అన్నకీ చిన్నోడే, వదినకీ చిన్నోడే. ఇరవై రెండో ఏట మెదడువాపు జ్వరం వచ్చి, చావు తప్పి బయటపడ్డాడు. ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచేసరికి చుట్టూ అందరి పెదాలూ కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. తలపైన ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు. వీళ్లంతా కూడబలుక్కుని తనతో పరాచికాలాడుతున్నారేమో అనుకున్నాడట మొదట. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ చెవుల్ని వెంట తీసుకుపోయింది.

నోరు మాత్రం బాగానే మిగిలింది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంత చక్కగా మాట్లాడే మనిషికి వినపడదంటే ఎవరికీ ఓ పట్టాన గుర్తుండదు. తన గొంతు ఎంత పైకి లేచిందో తనకే తెలియదు, బస్సులో టికెట్ అడిగితే బస్సంతా వెనక్కి తిరిగి చూస్తుంది. పెదాల కదలికను బట్టి మాట పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. కానీ ఆ విద్యను నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. మామ అన్నా, పాప అన్నా, బాబా అన్నా పెదాలు ఒక్కలాగే మూసుకుని తెరుచుకుంటాయి. ఇక గుబురు మీసాలవాళ్ల మాటలో సగం మీసానికే పోతుంది.

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ చాలా ఏళ్లు గడిపాడు. అచ్చాఫీసు మూతపడ్డాక ఓ పెద్ద ఆసుపత్రి వెబ్‌సైట్ విభాగంలో ఉద్యోగం దొరికింది. చూపు లేనివాళ్లకీ, వినపడనివాళ్లకీ, చేతులు వణికేవాళ్లకీ కూడా ఆ వెబ్‌సైట్ పనికొచ్చేలా మార్చాలని అక్కడ ఓ చిన్న జట్టును పెట్టారు. డాక్టర్లు మాట్లాడే వీడియోల కింద అక్షరాలు పడేలా చూడడం అతని వంతు.

అంతకుముందు ఆ పని యంత్రం చేసేది. చేరిన మొదటి రోజే అతను చూసిన వీడియోలో గుండె డాక్టరు గంభీరంగా ఏదో చెబుతుంటే, కింద "గుండు పోటీ వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి" అని పడింది. అతను పడీపడీ నవ్వాడు. పక్క కుర్చీలోని టైపిస్టు ఉలిక్కిపడి చూసి, తనూ చదివి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

టైపిస్టు అతనికంటే కాస్త పెద్దది. అతను అక్కా అంటాడు, ఆమె తమ్ముడూ అంటుంది. ఆమె విని టైపు చేస్తుంది. అతను ఆ మాటల్ని వరుసలుగా విరిచి, డాక్టరు పెదాలు కదిలినప్పుడే వరుస పడేలా, చదవడం పూర్తయ్యాకే తొలగేలా సరిచేస్తాడు. మాట తెర మీద ఎంతసేపు నిలబడాలో అతనికి తెలిసినట్టు జట్టులో ఎవరికీ తెలియదు. ఆ సంగతి కాస్త గర్వంగానే ఉండేది.

వెబ్‌సైట్ పరీక్షకని ఓ రోజు పుట్టుచెవిటివాళ్లను కొందరిని పిలిపించారు. ఆ ఉదయం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ఇన్నేళ్లకి తనలాంటివాళ్లు వస్తున్నారు కదా! వాళ్లు గదిలోకి రాగానే చేతులు లేచాయి. వేళ్లు, కనుబొమలు, బుగ్గలు, భుజాలు అన్నీ కలిసి మాట్లాడేస్తున్నాయి. గదంతా సందడి. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. సైగలు అతనెప్పుడూ నేర్చుకోలేదు. తలాడిస్తూ గోడవారగా నిలబడ్డాడు. ఇటు మాటలవాళ్లలో కలవడు, అటు సైగలవాళ్లలో కలవడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

వాళ్లలో ఓ దర్జీ ఉంది. ఆమె వీడియో మొత్తం చూసి, వాళ్లతో వచ్చిన దుబాసీ వైపు తిరిగి చేతులాడించింది. దుబాసీ పెదాలు అతనికి కనబడేలా నిలబడి నిదానంగా చెప్పాడు: "అక్షరాలు బాగానే ఉన్నాయంటోంది. కానీ ఆమె మాట్లాడేది సైగల్లోనండీ. చదవడం తర్వాతెప్పుడో బళ్లో నేర్చుకుంది. పెద్ద వాక్యాలొస్తే చిక్కుపడిపోతుందట. తెర మూలన సైగలు చేసే మనిషిని కూడా పెట్టండి అంటోంది."

అతని మొహం చిన్నబోయింది. తన అక్షరాలు వినపడని వాళ్లందరికీ దారి చూపిస్తాయనుకున్నాడు. వినపడకపోవడంలోనూ ఇన్ని రకాలుంటాయని అతనికెవరు చెప్పారు? అయినా ఆ సాయంత్రమే సైగల మనిషి కావాలని పైవాళ్లకి రాసిపెట్టాడు.

ఆ వారంలోనే అన్న పుట్టినరోజు వచ్చింది. మధ్యాహ్నం అందరూ కలిసి భోంచేశారు. అన్న కూతురు ఫోన్‌ను అలమారకి ఆనించి, భోజనమంతా వీడియో తీసి అందరికీ పంపింది. మర్నాడు ఆఫీసులో టీ తాగుతూ అతను దాన్ని తెరిచాడు.

బల్ల చివర తను కూర్చుని ఉన్నాడు. అన్న ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. వాళ్ల మొహాలు చూసి, ఒక్క క్షణం తర్వాత, తనూ నవ్వాడు. మళ్లీ అందరూ నవ్వారు, మళ్లీ వెనకాల తను. వాళ్ల నవ్వు ఆగిపోయాక కూడా తన నవ్వు ఇంకా మొహం మీద ఉండిపోయింది, చుట్టాలందరూ వెళ్లిపోయాక మిగిలిన కుర్చీలా. ఇన్నేళ్లూ తను వాళ్లతో కలిసి నవ్వుతున్నాననే అనుకున్నాడు.

టీ చల్లారిపోయింది. ఫోన్ టైపిస్టు ముందు పెట్టాడు.

"అక్కా, వీళ్లేం మాట్లాడుకున్నారో టైపు చేసి పెడతావా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఇంట్లోవాళ్ల మాటలు తమ్ముడూ. నేను వినచ్చా?"

"నేను వినలేను కదా. నువ్వన్నా విను."

ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆమె వేళ్లు ఆడుతున్నంతసేపూ అతను కిటికీ దగ్గర నిలబడ్డాడు. తన గురించి ఏమన్నా అనుకున్నారేమో. పెళ్లి చేసుకోలేదనో, గొంతు పెద్దదనో, భారమనో.

అలాంటిదేమీ లేదు. కూరలో ఉప్పెక్కువైందని అన్న, నాలుక మీదే ఉప్పు పుట్టి ఉంటుందని వదిన. స్నానాల గది కుళాయి కారుతోందట. మేడ మీది ఆయన గురకకి వీధి కుక్కలు మొరుగుతున్నాయట, అందరూ నవ్వింది దానికే. ఒకచోట అన్న "వాడికి చెప్పండర్రా" అన్నాడు. వదిన "నువ్వు చెప్పు" అంది కూతురితో. కూతురు "చెప్తాలే" అంది. ఎవరూ చెప్పలేదు. ఇంకోచోట అన్న కథ చెబుతూ చెబుతూ అసలు మలుపు దగ్గరికి వచ్చేసరికి, మధ్యలో తన గొంతే అడ్డం పడింది: "ఫ్యాను తగ్గించనా?" అన్న ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టలేదు.

అతను రెండుసార్లు చదివాడు. ఎవరైనా తిట్టి ఉన్నా ఇంత బాధ కలిగేది కాదేమో. ఉప్పు, కుళాయి, గురక. ఇన్నేళ్లుగా తనకి అందకుండా పోయింది ఇదన్నమాట.

టైపిస్టు అతని భుజం తట్టింది. "మేడ మీదాయన గురక మాత్రం నిజంగా నవ్వొచ్చేదే తమ్ముడూ."

"అవునక్కా. బావుంది," అన్నాడు.

పని వేళయ్యాక కూర్చుని ఆ వీడియోకి అక్షరాలు వేశాడు. డాక్టర్ల వీడియోల మీద పెట్టిన శ్రద్ధంతా పెట్టి, ఏ మాట ఎవరిదో తెలిసేలా, నవ్వు వచ్చిన చోట నవ్వు అని రాసి, ఇంట్లోవాళ్లందరికీ పంపాడు. "బాబాయ్ సూపర్!" అంటూ అన్న కూతురు బొమ్మలు పంపింది. అన్న ఏమీ రాయలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అతని ఎదురుగా కుర్చీ లాక్కుని, దీపం వెలుగు తన మొహం మీద పడేలా కూర్చున్నాడు.

"ఒరేయ్, ఆ రోజు కథ సగంలో ఆపేశాను కదా, అదేంటంటే," అంటూ మొత్తం చెప్పాడు. మీసం అడ్డం వచ్చినచోట తిరిగి చెప్పాడు. కథ ఏమంత గొప్పది కాదు. అయినా అతను చివరిదాకా కళ్లార్పకుండా చూశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో అందరూ అతనివైపు తిరిగి మాట్లాడారు. వదిన ఫోన్ పెట్టేశాక, వాళ్ల చెల్లెలు ఏమందో పూసగుచ్చినట్టు చెప్పేది. కొన్నాళ్లే. ఇంటి పనులు, తొందరలు, అలవాట్లు. మొహాలు మెల్లిగా అటు తిరిగిపోయాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

వెబ్‌సైట్‌లో మాత్రం సైగలు చేసే అమ్మాయి వచ్చింది, తెర మూలన, అతని అక్షరాలకి కాస్త పైన. మొదటి వీడియో చూడడానికి దర్జీ వచ్చింది. చూసి, బొటనవేలు ఎత్తింది. పోతూ పోతూ తన దుకాణం చిరునామా కాగితం మీద రాసిచ్చి, అతని చేతులకేసి చూపించి, తన చేతులకేసి చూపించింది. నేర్పుతానని.

ఇప్పుడు ఆదివారాలు ఆ దుకాణానికి వెళ్తున్నాడు. గుడ్డపీలికల మధ్య పీట మీద కూర్చుంటాడు. ఆమె, ఆమె స్నేహితులు చేతులతో కబుర్లాడుతుంటే, పది మాటల్లో ఒకటి దొరుకుతుంది. అతని వేళ్లు మొద్దు. 'సూది' అనబోయి ఇంకేదో అంటే, ఆమె మిషను ఆపి, అతని వేళ్లు పట్టుకుని సరిచేస్తుంది. చాలాసేపు ఏమీ తెలియకుండానే కూర్చుని ఉంటాడు. అక్కడా కొత్తవాడే.

మొన్న ఆదివారం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడికి చిన్నోడా, ప్రతి వారం?"

చెప్పాడు.

"మంచిదేలే," అంది. అని పొయ్యి వైపు తిరిగింది. తిరిగాక ఇంకేదో అంది, ఆమె దవడ కదలడం వెనక నుంచి కనిపించింది. అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు, మళ్లీ ఇటు తిరుగుతుందేమోనని. గిన్నె మీద మూత పెట్టి, ఆమె ఇంకో గిన్నె అందుకుంది.

చెప్పులేసుకుని బయల్దేరాడు.