ఉప్పు ఐసులో టీకా సీసాలు

పాపకు టీకా వేయించనని మా కోడలు భీష్మించుకుని కూర్చుంది. తెల్లకోటు వేసుకున్నాయన ఎవరో ఫోనులో చెప్పాడట. కరోనా రోజుల్లో వచ్చిన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ అనే కొత్తరకం టీకాల్లో ఉండకూడనివేవో కలిశాయని, తనిఖీ చేయాల్సిన పెద్దలు చూసీ చూడనట్టు సంతకాలు పెట్టేశారని. అది నిజమో కాదో నాకు తెలియదు. నేను చదివింది రెండో తరగతి. తేల్చి చెప్పాల్సినవాళ్లు మా వీధికి వచ్చి చెప్పిందీ లేదు. ఆ మాట విన్నాక మా కోడలి కంటికి టీకా సీసాలన్నీ ఒక్కటే అయిపోయాయి.

నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఓపిగ్గా చెప్పింది. "ఇది ఆ రకం కాదమ్మా. కోరింతదగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది."

"ఇదైనా ఎవులు సూసేరు? మీరు సూసేరేటి?" అంది కోడలు.

నాకు ఒళ్లు మండింది. "ఏటే, కోరింతదగ్గొచ్చి పిల్ల నీలంగా అయిపోతే నీ ఫోను ఎత్తుకెళ్లిపోద్దేటి ఆస్పత్రికి? బుధవారం నువ్వొత్తన్నావు, అంతే" అని కసిరాను. మూతి ముడుచుకుని, సరే అంది.

మంగళవారం నుంచీ ఒకటే గాలీ వానా. మందుల పెట్టెను ఎప్పుడూ ఆస్పత్రి మనిషి బండి మీద అంగన్‌వాడీకి తెస్తాడు. ఆ నీళ్లలో బండి కదలదన్నాడు. మా అబ్బాయి తన ఆటోలో తెస్తానన్నాడు. వాడు రోజూ తెల్లవారుజామునే ఒడ్డుకు వెళ్లి, చేపలు ఐసులో వేసుకుని అనకాపల్లి తెచ్చి, కె. కోటపాడు దాకా తిరిగి అమ్ముకుంటాడు. నర్సమ్మ ఇంటికీ వాడి చేపలే. నర్సమ్మ పెట్టె అప్పగించి, మూత తీయొద్దని చెప్పి, తను స్కూటరు మీద వేరే దారిన వచ్చింది. వాడి దారికి చెట్టు అడ్డం పడింది. దాన్ని తొలగించేసరికి చాలాసేపయింది.

అంగన్‌వాడీలో పిల్లల తల్లులు వరుసగా కూర్చున్నారు, పాపతో మా కోడలూ. నర్సమ్మ పెట్టె తెరిచింది. లోపల అంచుల దాకా ఐసు ముక్కలు, వాటి మీద రాళ్లుప్పు. ఒక సీసా తీసి, లోపలి గడ్డ కరిగేదాకా అరచేతిలో ఉంచుకుని, బాగా ఊపి బల్ల మీద పెట్టింది. విరిగిన పాలలా తెల్లటి తునకలు అడుక్కి దిగిపోయాయి.

"ఈ ఐసు ఎవరు పోశారు?"

"నానేనమ్మా" అన్నాడు మా వాడు గుమ్మంలోంచి. మెప్పు కోసం చూస్తున్నట్టుంది వాడి ముఖం. "సెట్టడ్డం పడిపోనాది. మందు ఏడెక్కిపోద్దని ఐసు కూరీసేను. ఉప్పు కూడా ఏసేను. సాపలకి అలగే కదా సేత్తాం!"

ఉప్పుతో ఐసు మరీ చల్లబడి మందు గడ్డకట్టేసిందని, ఇక పాడైనట్టేనని నర్సమ్మ నా చెవిలో చెప్పింది. మా ఇళ్లలో సరుకు చెడిందంటే ఐసు తక్కువైందనే. చల్లదనం ఎక్కువై చెడిపోయేది ఒకటుంటుందని నా జన్మలో వినలేదు. పైగా పెట్టెడు మందు. మెతుకు పారబోయని దాన్ని, ఊరుకోలేక మెల్లగా అడిగాను.

"కరిగించి ఏసీలేవేటి?"

"కరిగినా పనిచెయ్యదమ్మా. వేసినా వెయ్యనట్టే."

ఆ తర్వాత నన్ను పక్కకు లాగి గుసగుసగా అంది. "స్టాకు అయిపోయిందని చెప్పి పంపించేద్దాం. పాడైందని తెలిస్తే మళ్లీ ఒక్కరూ రారు. మీ అబ్బాయి పేరు కూడా బయటికి రాదు."

ఐసు చూసినప్పుడు కూడా అంత అదిరిపోలేదు. చెడింది కనిపెట్టినామే దాన్ని కప్పెట్టమంటోంది! ఎవరు చూస్తున్నారని మా కోడలు అడిగితే కసిరాను కదా, ఇప్పుడు చూసిన ఇద్దరిలో నేనొకదాన్ని. నిజం చెబితే ఆ పిల్ల మళ్లీ పాపను ఇటు తేదు. నా కొడుకు పదిమందిలో తలెత్తలేడు. చెప్పకపోతే ఆ ఫోనులో మనిషి అన్నట్టే అవుతుంది మా బతుకు.

"ఇనండే" అన్నాను అందరికీ వినబడేలా. "మందు గడ్డకట్టి పాడైపోనాది. నా కొడుకే ఉప్పు ఐసు కూరీసేడు. ఇయాల ఎవులికీ ఎయ్యరు."

"ఓలమ్మో!" అంది ఒకావిడ. "పిల్లల్ని కూడా తట్టలో ఏసి ఐసు కొట్టీ బావా, నిలవుంటారు!"

కొందరు నవ్వారు. చాలామంది పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిపోయారు. మా వాడు తల ఎత్తలేదు. కోడలు లేచింది. అయిపోయింది, ఇక ఇంటికే అనుకున్నాను. ఆమె నేరుగా బల్ల దగ్గరికి వచ్చి సీసా వైపు చూసింది.

"ఇయి ఏటి సేత్తారు?"

"ఆస్పత్రిలో తిరిగి ఇచ్చేస్తాం. డాక్టరమ్మ పక్కన పెట్టిస్తారు."

"ఎట్టినట్టు మాకెలగ తెలుత్తాది?"

కోడలు మొగుడి వైపు తిరిగింది. "ఆటో తియ్యి. నానూ వత్తాను."

పెట్టె తీసుకుని నర్సమ్మా, పాపతో మేమూ ఆటో ఎక్కాం. ఆస్పత్రిలో నర్సమ్మ ఏదీ దాచకుండా, ఉప్పుతో సహా చెప్పింది. చేపల ఆటోలో పంపినందుకు డాక్టరమ్మ ఆమెను మా ముందే చీవాట్లు పెట్టింది. పడింది పాపం. సీసాలన్నిటి మీదా ఎర్రసిరాతో అడ్డగీతలు కొట్టి వేరే పెట్టెలో వేశారు. ఆఖరి సీసా పడేదాకా మా కోడలు అక్కణ్నుంచి కదలలేదు.

తర్వాత ఫ్రిజ్‌లోంచి కొత్త సీసా తీసి, ఊపి, నర్సమ్మ కిటికీ వెలుతురులో పట్టుకుంది. కోడలు వంగి చూసింది.

"నాకేటి తెలుత్తాది? నువ్వు సూడత్తా."

చూశాను. తెల్లటి నీళ్లు. తునకలు లేవు. అంతకు మించి నాకూ తెలియదు, ఆ మాటే చెప్పాను.

కోడలు సీసాను ఇంకోసారి చూసింది. చివరికి బల్ల మీద కూర్చుని, పాప గౌను పైకి లాగి తొడ చూపించింది.

"ఎయ్యండి. పిల్లకేటైనా అయితే మాత్రం తిన్నగా మీ ఇంటికే తెత్తాను."

"తీసుకురా" అంది నర్సమ్మ, సూది పట్టుకుని. "మా ఇల్లు మీ ఆయనకు తెలుసు."