చెమట పట్టని కుండలు

నంద్యాలలోని ఆ చిన్న మిషన్ బోర్డింగులో పిల్లలకు మంచినీళ్లు పోసేది లూదియమ్మ. వరండా చివర ఇసుక పరిచి, దాని మీద ఆరు కుండలు పెట్టేది. 1956 జూన్‌లో నేను అక్కడ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పడానికి చేరాను. గొప్పేం కాదు. ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పాను. సెప్టెంబరు పరీక్ష దాకా ఆళ్లగడ్డలో నాయన ముఖం చూడలేక వచ్చి పడ్డాను.

ఆమెదీ ఆళ్లగడ్డే. మొగుడు గురుస్వామి నంద్యాల పత్తి మిల్లులో పనిచేస్తూ మూడేళ్ల కిందట పోయాడు. అప్పుడే బోర్డింగు పెద్ద ఏలీయా పంతులు ఆమెకు ఈ పని ఇచ్చారు. ఏటా ఎండలు ముదరకముందే ఆళ్లగడ్డ వెళ్లి, కుమ్మరి వాకిట్లో కుండల్ని వేలి కణుపుతో కొట్టి, ఆ మోత విని, నచ్చినవి బస్సులో తెచ్చేది. ఒకటి మాత్రం ఒళ్లోనే. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద దూరంగా నీళ్లు మెరిసి, దగ్గరికి పోయేసరికి మాయమయ్యేవట.

"ఆ నీళ్లు గూడా ఈ కుండలోకే వచ్చినట్టుంటాది నాయనా" అనేది.

పిల్లలు బడికి పోయిన మధ్యాహ్నాల్లో, తడి ఇసుక వాసన పీలుస్తూ, సగం నిద్రలో ఆ మాటలు వినేవాణ్ణి. పుస్తకం ఒళ్లోనే ఉండేది, మూసి.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. కుండల పొట్టల మీద చెమ్మ చూసి, అవి కారుతున్నాయనుకున్నారు పంతులు. కిటికీలకు వేయగా మిగిలిన నీలం పెయింటును రెండు పూతలు దట్టంగా వేయించారు. ఎంత ముద్దుగా ఉన్నాయో! కింద ఇసుక పొడిగా ఉంది. నీళ్లు మాత్రం స్నానానికి పనికొచ్చేలా ఉన్నాయి.

పిల్లలు మొహాలు చిట్లించారు. పంతులుకు కోపం వచ్చింది.

"ఎండలో పెడ్తాండావా ఏంది లూదియమ్మా? శనివారం దాకా చూస్తా. నీతో కాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటా."

ఈ పని పోతే, ఆ వయసులో, ఆ నడుముతో, ఆమె మళ్లీ శనక్కాయ చేలల్లో కూలికి వంగాలి.

"కుండకు చెమట పడితే గదా నీళ్లు సల్లబడేది! రంగేసి మూసేస్తిరి, యాడ పడతాది? కాలేజీ సదివినోడివి, నువ్వు జెప్పు నాయనా పంతులయ్యకు" అంది నాతో.

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మార్చిలో నేను తెల్లకాగితంగా వదిలేసిన ప్రశ్న అదే. పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లే తాగి పెరిగిన వెధవను!

శనివారం పొద్దున్నే ఆమె ఇంట్లో వాడుకునే, రంగు పడని కుండను తెచ్చి నీలం కుండ పక్కన పెట్టాను. రెంటిలోనూ ఒకే బావి నీళ్లు. మధ్యాహ్నం పంతులుకు రెండు గ్లాసులు అందించాను. నీలం కుండ నీళ్లు తాగి మూతి తుడుచుకున్నారు. రెండోవి తాగి, గ్లాసులోకి చూశారు.

"ఏంది రాజరత్నం ఇది?"

"మట్టి సందుల్లోంచి నీళ్లు బయటికి ఊరి, ఆవిరై పోతాయండీ. పోతూ పోతూ లోపలి వేడిని తీసుకుపోతాయి. బాష్పీభవనం అంటారు."

ఫిజిక్స్ నా నోట తడబడకుండా రావడం అదే మొదలు.

లూదియమ్మ తల ఎత్తింది. బాష్పం అన్న మాట ఆమెకు చర్చిలో ప్రార్థనల్లోనే తెలుసు.

"బాష్పమంటే కన్నీళ్లు గదా. కుండ ఏడుస్తాదా?"

"అట్లాంటిదే" అన్నాను.

ఆమె నీలం కుండను అరచేత్తో తడిమింది. "గురుస్వామిని మట్టి చేసిననాడు ఏడవొద్దంటిరి గదా పంతులయ్యా. విశ్వాసులు ఏడవగూడదంటిరి. సరేనంటి. మూడేండ్లాయ. లోపల ఉడుకుతానే ఉండాది."

పంతులు చొక్కా చేతులు పైకి మడిచి, ఇటుక ముక్క ఒకటి తెచ్చుకుని, నేల మీద కూర్చుని నీలం కుండను గీకడం మొదలుపెట్టారు. కొంత రంగు ఊడి, కింద ఎర్రమట్టి కనిపించింది.

"ఏడ్చుకో లూదియమ్మా" అన్నారు, ఆమె వైపు చూడకుండా. "తప్పు నాదే."