పట్టీ కింద వాక్యం

బంధువర్గమంతా ఆయనను "అసలు మామయ్య" అనేది. శుభవార్తయినా, చావుకబురయినా ఎవరు మోసుకొచ్చినా సరే, "అసలు కాగితం ఏదీ?" అని చెయ్యి చాపడం ఆయన అలవాటు. ముప్పై ఆరేళ్లు ఒక ప్రభుత్వ రికార్డు గదిలో నకలు గుమాస్తాగా పనిచేసినవాడు. శిథిలమైపోతున్న పత్రం పక్కన కొత్త కాగితం పరిచి, అక్షరం పొల్లుపోకుండా దింపి, అడుగున "అసలుతో సరిచూచితిని" అని రాసి సంతకం పెట్టడం ఆ ఉద్యోగం. చెదలు తిన్నచోట ఊహించి పూరించకూడదు. "ఇచ్చట శిథిలము" అని రాసి వదలాలి. చిరిగినచోట గంజి జిగురుతో పల్చని కాగితపు పట్టీ అతికించాలి.

పదవీ విరమణ తరవాత ఇల్లే రికార్డు గది అయింది. బడిలో ఇచ్చిన మార్కుల కాగితం మొదలు నిరుటి రైలు టిక్కెట్టు దాకా అన్నీ ఇనుప బీరువాల్లో తేదీలవారీగా ఉండేవి. ఇల్లాలు బతికి ఉన్నన్నాళ్లూ, "నన్ను కూడా ఒక ఫైలులో పెట్టి దారం కట్టేయండి, వెతుక్కునే పని తప్పుతుంది" అని దెప్పేది. పత్రికలో ఒక తేదీ తప్పు పడితే ఆయనకు అన్నం సహించేది కాదు. ఆధారం లేని మాట ఆడేవారంటే అంత అసహ్యం.

అటువంటి మనిషి జీవితకాలం కూడబెట్టిన వంశచరిత్రను మేనకోడలు కంప్యూటరులోకి ఎక్కించింది. ఆమె ఒక గ్రంథాలయంలో పాత రాతప్రతులకు ఫొటోలు తీసే ఉద్యోగి. ఎవరి వంశవృక్షం వారు ఎక్కించుకుంటే, కొమ్మ ఎక్కడ కొమ్మతో కలుస్తుందో యంత్రమే వెతికి చెప్పే సైటు అది. అరవై కుటుంబాల బంధువులతో ఒక గ్రూపు పెట్టి దానికి మామయ్యను అడ్మిన్ చేసింది. ఆయన తాతగారి పేరు కింద "తోబుట్టువులు లేరు" అని స్వయంగా చెప్పి రాయించాడు.

నెల తిరగకుండానే యంత్రం కబురు పంపింది. ఈ వృక్షంలోని తాతగారికి, మరొకరి వృక్షంలో ఒక అక్కగారు కనబడుతున్నారట. ఆ రెండో వృక్షం పెట్టినది ఊరికి ఆ చివర దుస్తులు కుట్టే ఒక దర్జీ. అరవై ఏళ్ల మనిషి. మేనకోడలు ఆమెను గ్రూపులో చేర్చింది. ఆమె అడిగినది ఒక్కటే. తన తల్లికి ఎనభై ఎనిమిదేళ్లు, చూపు పోయింది, మంచం మీద ఉంది. ఆ అక్కగారే తన అమ్మమ్మ; ఆమె పేరు పుట్టింటివారి వరసలో చేరిందని ఆ తల్లి చెవిన పడితే చాలునని.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు, ఆయన ఆ ఉదయమే మూడు పేజీల జవాబు రాసి, ఫొటో తీయించి గ్రూపులో పెట్టించాడు. తాతగారు స్వహస్తాలతో రాసుకున్న జీవితవృత్తాంతానికి తాను తీసిన నకలు ఉందనీ, అందులో అక్క ప్రసక్తే లేదనీ, నాలుగో పుటలో ఒక్క వాక్యం మాత్రం శిథిలమనీ రాశాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కుట్టుమిషన్ ముందు కూర్చున్నవారు వంశచరిత్రలు రాయబూనితే అతుకుల బొంతే తయారవుతుందనీ, పరుల ఇంటిపేరుకు తమను కుట్టుకునే అబద్ధాలకోరులకు ఈ గ్రూపులో చోటు లేదనీ ముగించాడు. ఆమెను తీసేయించాడు. ముప్పై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

అప్పుడు వచ్చింది చిక్కు. చప్పట్లు కొట్టినవారే, ఆ శిథిలమైన వాక్యాన్ని కూడా మేనకోడలి గ్రంథాలయంలోని యంత్రంతో చదివించి ఆమె నోరు శాశ్వతంగా మూయించమన్నారు. కాగితం ముట్టుకుంటే పొడి అవుతుందని ఆయన సాకు చెప్పాడు. గాజు మీద పరిస్తే చాలు, కెమెరాయే చదువుతుందని మేనకోడలు అంది. ఇన్నేళ్లు అందరినీ "అసలు ఏదీ?" అని నిలదీసిన మనిషి, తన అసలు చూపించనని ఏ ముఖంతో అంటాడు?

గ్రంథాలయంలో ఒక మూలగది. నల్లబల్ల మీద గాజుపలక, దాని కింద దీపాలు, పైన కెమెరా. మేనకోడలు పట్టీ అతికించి ఉన్న నాలుగో పుటను గాజు మీద పరిచి, కంటికి కనబడని కిరణాలలో వరసగా ఫొటోలు తీసింది. తాతగారి కాలపు సిరా దీపపు మసితో చేసినది కనుక ఆ కిరణాలలో మరింత నల్లగా తేలుతుందని వివరించింది. ఆయనకు ఆ వివరం అక్కరలేదు. ఆ పట్టీ ఎవరు అతికించారో, దాని కింద ఏముందో ఆ గదిలో తెలిసినది ఆయన ఒక్కడికే. వేళ్లకు అంటిన గంజి వాసన నలభై ఎనిమిదేళ్ల తరవాత కూడా గుర్తుంది.

తెర మీద పట్టీ పొగమంచులా విడిపోయింది. చెదల జాడ ఎక్కడా లేదు. మేనకోడలు కూడబలుక్కుంటూ చదివింది: "నాకు చేయి పట్టి అక్షరములు దిద్దించినది మా అక్క. ఆమె వడ్రంగిని వరించి వెళ్లినదని ఆమె పేరు ఇంట పలుకరాదని పెద్దలు నిర్ణయించగా, నేనును నోరు మెదపక తలయూపితిని."

చదవడం ఆపి ఆమె మామయ్య వైపు తిరిగింది. ఆయన తలెత్తలేదు. బల్ల అంచును చూస్తూ, చెల్లెలికి, అంటే ఈ మేనకోడలి తల్లికి, సంబంధం కుదురుతున్న రోజులవనీ, వరుడి తరఫువారు చరిత్ర అడిగారనీ, తన తండ్రి ఆ వాక్యం చూసి "మూసెయ్" అన్నాడనీ చెప్పాడు. తాను పట్టీ అతికించి, నకలులో "ఇచ్చట శిథిలము" అని రాసి, అడుగున సరిచూచితినని సంతకం పెట్టాడు.

"అయితే ఆ గంజి పుణ్యాన పుట్టినదాన్నన్నమాట నేను" అంది మేనకోడలు. నవ్వలేదు. తెర వైపు తిరిగి, "ఈ ఫొటో చూసింది మనమిద్దరమే. వద్దంటే ఇప్పుడే తీసేస్తాను మామయ్యా" అంది.

ఆయనకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఒక్క మీట నొక్కితే పరువు దక్కుతుంది. కాని ఆ మాట తన చెల్లెలి కూతురి నోట వచ్చేసరికి తల కొట్టేసినట్లయింది. ఒక అన్యాయాన్ని దాచడం ఇంట్లో మూడో తరానికి కూడా ఇంత తేలికగా అబ్బింది, అబ్బించినది తానే. అక్షరాలు నేర్పిన చేతినే చరిత్రలో లేకుండా చేసినవాళ్లం మనం అనుకున్నాడు. "ఉంచు" అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఇద్దరూ దర్జీ దుకాణానికి వెళ్లారు. వీధి గదిలో కుట్టుమిషను, గోడకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు. వెనక గదిలో తల్లి మంచం. ఎవరో ఒకాయన ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. దర్జీ ఫొటో చూసి, వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. దారిలో వరస లెక్కగట్టుకున్న ఆయన, నువ్వు నాకు చెల్లెలివవుతావమ్మా అని గొణిగాడు.

"వరసలు తరవాత చూద్దాంలెండి. నన్ను ఎక్కడ తిట్టారో అక్కడే చెప్పండి ముందు."

మేనకోడలు ఆమెను తిరిగి గ్రూపులో చేర్చి, వాయిస్ మెసేజ్ కోసం ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన గొంతు సవరించుకుని, నాటి పరిస్థితుల దృష్ట్యా, పూజ్యులైన తండ్రిగారి ఆదేశం మేరకు ఒక వాక్యం మరుగుపరచబడినదని చెప్పడం మొదలుపెట్టాడు. దర్జీ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ నాన్నగారు నన్ను అబద్ధాలకోరు అనలేదండీ. మీరన్నారు. మరుగుపరచబడినదేమిటి, దానంతటదే దుప్పటి కప్పుకుందా?"

బెంచీ మీది మనిషి దగ్గు అభినయించి నేల చూపులు చూశాడు. రికార్డు గది భాష ఇన్నాళ్లు తనకు ఎంత మంచి ముసుగయిందో ఆయనకు ఆ క్షణాన తెలిసింది. మళ్లీ మొదలుపెట్టాడు.

"మా తాతగారికి అక్క ఉంది. ఆయనకు చదువు చెప్పింది ఆవిడే. ఆ మాట కాగితంలో ఉంది. నేను పట్టీ వేసి దాచాను. దాచి, నిజం చెప్పినావిడను అబద్ధాలకోరు అన్నాను. తప్పు నాది." తరవాత దర్జీ వృక్షంలో ఉన్న ఆ అక్కగారి పేరు చెప్పాడు. ఇంట పలుకరాదన్న ఆ పేరు పైకి అనడం ఆయనకు అదే మొదలు, నాలుక తడబడింది.

మెసేజ్ వెళ్లింది. ఈసారి చప్పట్లు లేవు. దర్జీ తన ఫోను తీసుకుని వెనక గదిలోకి వెళ్లింది. తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపలినుంచి ఆయనకు తన గొంతు తనకే పరాయిదిలా వినబడింది. చివర ఆ పేరు వచ్చింది.

"ఎవరే ఆ అబ్బాయి?" అంది ముసలి గొంతు.

"మీ మేనమామ మనవడు."

"మా అమ్మ పేరు సరిగ్గా అనలేదు. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టింది. ఆ తరవాత ఇంకోసారి. బెంచీ మీద మనిషి జరిగి చోటిచ్చాడు కాని ఆయన కూర్చోలేదు. నేను పట్టీ వేసి దాచాను, నేను పట్టీ వేసి దాచాను అని వెనక గదిలోంచి వస్తున్నంతసేపూ వేలాడుతున్న చొక్కాల మధ్య తలవంచుకుని నిలబడే ఉన్నాడు.